డిస్నీ వరల్డ్‌కు ఇంద్రియ సున్నితత్వంతో: బయటికి వచ్చే దారి ముందు, లోపలికి వెళ్లే దారి తరవాత

ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్ అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లే చోటు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో, పిల్లలకు సెలవులిచ్చినప్పుడో మూడు నాలుగు కుటుంబాలు కలిసి బయలుదేరడం మామూలే. అయితే ఇంట్లో ఆటిజం ఉన్న బిడ్డ గానీ, ఫిట్స్‌కు మందులు వాడేవారు గానీ, వెలుతురుకూ చప్పుడుకూ తలనొప్పి విజృంభించే మైగ్రేన్ ఉన్నవారు గానీ ఉంటే ఆ ప్రయాణం తరచు రెండు రకాలుగా చెడుతుంది. కొందరు భయపడి అసలు వెళ్లరు. మరికొందరు వెళ్లి, టికెట్ డబ్బు గిట్టుబాటు కావాలని గేటు తెరిచినప్పటి నుంచి రాత్రి బాణసంచా దాకా అందరితో సమానంగా తిప్పి, ఆ మనిషిని తట్టుకోలేని స్థితికి తెస్తారు. ఈ రెండింటినీ తప్పించుకోవచ్చు. అందుకు చేయవలసిన మొదటి పని, అవసరమైన క్షణంలో పార్కు నుంచి ఎంత త్వరగా, ఎంత నిబ్బరంగా బయటికి రాగలమో ముందుగా తేల్చుకోవడం. కింది అడుగులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మనిషిని గమనించి రాసుకోవడం

ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు ఈ పని మొదలుపెట్టాలి. ఇంద్రియాలంటే మనకు కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం గుర్తుకు వస్తాయి గానీ, థీమ్ పార్కులో మరో మూడింటికి కూడా గట్టి పరీక్ష ఎదురవుతుంది. శరీరం తిరుగుతోందా, ఒరుగుతోందా అన్నది చెప్పే లోపలి చెవి, కండరాల నుంచీ కీళ్ల నుంచీ అందే ఒత్తిడి సమాచారం, ఆకలి, దాహం, మూత్రం వంటి లోపలి కబుర్లు తెలిపే స్పృహ అన్నవి ఆ మూడు. చాలామంది ఆటిజం ఉన్న పిల్లలకు ఈ చివరిది మందంగా ఉంటుంది కాబట్టి దాహం వేస్తోందని వారు చెప్పరు. గంట చూసుకుని మనమే నీళ్లు తాగించాలి.

ఒకే బిడ్డలో కొన్ని ఇంద్రియాలు అతిగా స్పందిస్తాయి, కొన్ని ఇంకా కావాలని అడుగుతాయి. బాత్రూములో చేతులు ఆరబెట్టే యంత్రం మోతకు చెవులు మూసుకుని కేకలు పెట్టే పిల్లవాడే రోలర్ కోస్టర్ ఎక్కి హాయిగా నవ్వవచ్చు, ఎందుకంటే ఆ వేగమూ ఒంటిని గట్టిగా పట్టి ఉంచే కడ్డీ ఒత్తిడీ అతని శరీరం కోరుకునేవే. అందువల్ల ‘వీడికి చప్పుడు పడదు, పెద్ద రైడ్లు వద్దు’ అని ముందే తీర్మానించకూడదు. ఏది భరించలేరు, ఏది కోరుకుంటారు, అలజడి మొదలయ్యే ముందు కనిపించే మొదటి గుర్తులేమిటి (మాట తగ్గడం, ఒకే పదాన్ని తిరిగి తిరిగి అనడం, చొక్కా అంచు నమలడం వంటివి), దేనితో స్థిమితపడతారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని, వెంట వచ్చే ప్రతి పెద్దవారికీ చూపించండి. ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులకూ ఇంద్రియాల ఇబ్బందులకూ ఇచ్చే శిక్షణ) జరుగుతూ ఉంటే ఈ కాగితాన్ని థెరపిస్టుతో కలిసి రాయడం అన్నిటికన్నా మంచిది.

డాక్టరును అడగవలసినవి

మూర్ఛ ఉన్నవారిలో మెరుపు వెలుగుల వల్ల ఫిట్స్ వచ్చేది సుమారు 3 శాతం మందికే. మిగిలినవారికి ఇలాంటి ప్రయాణంలో అసలు ప్రమాదం నిద్ర చాలకపోవడం, మందు వేళ తప్పడం, ఒంట్లో నీరు తగ్గడం. ఇండియా నుంచి వచ్చేవారికి ఈ మూడూ ఒకేసారి జరగవచ్చు. దిగిన మర్నాడే పార్కుకు వెళ్లకుండా కనీసం రెండు మూడు రాత్రులు కుదుట పడనిచ్చి, మందుల వేళలను అమెరికా గడియారానికి ఎలా మార్చాలో న్యూరాలజిస్టుతో రాయించుకోండి. మందులు అసలు ప్యాకింగుతో, ప్రిస్క్రిప్షనుతో, చేతి సంచిలోనే ఉండాలి.

టోపిరమేట్, జోనిసమైడ్ అనే మందులు వాడేవారికి, ముఖ్యంగా పిల్లలకు, చెమట పట్టడం తగ్గి ఒళ్లు వేడెక్కే అవకాశం ఉంది. ఫ్లోరిడా వేసవి మన కోస్తా మే నెలలా ఉక్కపోతతో ఉంటుంది కాబట్టి ఈ సంగతిని తేలికగా తీసుకోకూడదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి ఒంటి వేడి కొద్దిగా పెరిగినా చూపు మసకబారడం, కాళ్లు బలహీనపడడం వంటివి తాత్కాలికంగా ఎక్కువవుతాయి. చల్లదనం ఇచ్చే జాకెట్టు, మెడ తువ్వాలు వెంట ఉండాలి. తలలో షంట్ (మెదడులో చేరే అదనపు నీటిని బయటికి పంపే సన్నని గొట్టం) అమర్చినవారు, మెడ ఎముకల సమస్య ఉన్నవారు కుదుపుల రైడ్ల గురించి తమ సర్జన్‌నే అడగాలి. గేటు దగ్గరి హెచ్చరిక బోర్డు చదివి సొంతంగా నిర్ణయించుకోవలసిన విషయం కాదది.

ఏ పార్కు, ఏ వారం

డిస్నీ వరల్డ్ అంటే ఒక్క పార్కు కాదు. 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్, 1982 నాటి ఎప్‌కాట్, 1989 నాటి హాలీవుడ్ స్టూడియోస్, 1998 నాటి యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు. కోట ఉన్నది మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాబట్టి అందరూ మొదట అక్కడికే వెళ్తారు. కానీ బయటికి వచ్చే దారిని లెక్కలోకి తీసుకుంటే మొదటి రోజుకు అన్నిటికన్నా కష్టమైనది అదే. మిగిలిన మూడింటికీ కార్ల పార్కింగు గేటు ముందే ఉంటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు మాత్రం కారు దూరంగా నిలిపి, అక్కడి నుంచి మోనోరైలు గానీ పడవ గానీ ఎక్కి సరస్సు దాటాలి. లోపల బిడ్డ కుప్పకూలితే మళ్లీ ఆ వరుసలన్నీ దాటుకుని కారు చేరేసరికి సాధారణంగా అరగంటైనా పడుతుంది, బాణసంచా ముగిసిన వేళ అయితే ఇంకా ఎక్కువ.

అందుకే మొదటి రోజుకు యానిమల్ కింగ్‌డమ్‌ను ఎంచుకోమని నేను గట్టిగా చెబుతాను. అక్కడ చెట్ల నీడ ఎక్కువ, జంతువులు బెదరకుండా రాత్రి బాణసంచా కాల్చరు, కారు దగ్గర్లో ఉంటుంది. ఎప్‌కాట్‌లో దారులు వెడల్పుగా ఉండి జనం పలచబడతారు. మ్యాజిక్ కింగ్‌డమ్ తప్పనిసరి అనుకుంటే దానికి నడిచి వెళ్లగలిగే డిస్నీ హోటల్లో గది తీసుకోవడం ఖర్చైనా, మధ్యాహ్నం గదికి వచ్చి పడుకోగలగడం వల్ల ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య వారం ఏడాదిలోకెల్లా రద్దీ. మన కుటుంబాలు ఎక్కువగా బయలుదేరేదీ అప్పుడే. బడికి సెలవు పెట్టించగలిగితే జనవరి రెండో సగం, ఫిబ్రవరి మొదటి రోజులు చలవగానూ కాస్త ఖాళీగానూ ఉంటాయి. సెప్టెంబరులో జనం తగ్గుతారు గానీ వేడీ, తుపానుల కాలమూ ఉంటాయి. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మామూలు. మెరుపు దగ్గరికి వస్తే ఆరుబయటి రైడ్లను ఆపేస్తారు, ఆ మార్పు తట్టుకోలేని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

టికెట్ల సంగతి ఒకటి చాలామంది పట్టించుకోరు. 4 రోజుల టికెట్టును వరసగా వాడనక్కరలేదు, 7 రోజుల్లో ఎప్పుడైనా వాడవచ్చు. ఒక రోజు పార్కు, మర్నాడు విశ్రాంతి అన్న పద్ధతికి ఇది సరిగ్గా సరిపోతుంది.

డాస్ కోసం దరఖాస్తు

డాస్ అంటే డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్. 2013లో మొదలైన ఈ ఏర్పాటు నియమాలను 2024లో బాగా బిగించారు. ఇప్పుడిది ప్రధానంగా ఆటిజం లేదా దానివంటి ఎదుగుదల సంబంధమైన వైకల్యం వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు నిలబడలేనివారి కోసం. ఇది క్యూను తప్పించదు, క్యూలో శరీరం ఉండవలసిన అవసరాన్ని తప్పిస్తుంది. రైడ్‌కు అప్పుడున్న వేచి ఉండే సమయం ఎంతో దాదాపు అంత తరవాత రమ్మని ఫోనులో ఒక వేళ ఇస్తారు. ఆ సమయాన్ని మీరు నీడలోనో, తింటూనో గడిపి, వేళకు వెళ్లి, మామూలు క్యూకు వేరుగా ఉండే లైట్నింగ్ లేన్ అనే పొట్టి వరుస దారిలో లోపలికి వెళ్తారు. ఒకసారికి ఒక రైడ్‌కే వేళ తీసుకోగలరు. ఆ దారిలో కూడా పది, పదిహేను నిమిషాలు నిలబడవలసి రావచ్చని బిడ్డకు ముందే చెప్పాలి.

దరఖాస్తు డిస్నీ వెబ్‌సైటులో వీడియో కాల్ ద్వారా జరుగుతుంది. పార్కుకు వెళ్లాక చూసుకుందామనుకోకుండా, టికెట్లు కొని ఖాతాకు జోడించాక, ప్రయాణానికి ముందే ఇంటి నుంచి పూర్తి చేయండి. సేవ ఎవరికి కావాలో ఆ వ్యక్తి కాల్‌లో కనిపించాలి, కానీ చిన్నపిల్లలైతే అంతసేపూ తెర ముందు కూర్చోబెట్టనక్కరలేదు. డాక్టరు కాగితం అడగరు. రోగం పేరు చెప్పి ఆగిపోవడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. వారు వినాలనుకునేది క్యూలో ఏం జరుగుతుందన్నది. ‘మా అబ్బాయికి ఆటిజం ఉంది’ అన్నంత మాత్రాన సరిపోదు. ‘ముందూ వెనకా మనుషులు ఆనుకుని ఉంటే పది నిమిషాల్లో తల గోడకు కొట్టుకుంటాడు, కట్టిన తాళ్ల కిందుగా దూరి పరుగెత్తుతాడు, కిరాణా దుకాణం వరుసలో కూడా ఇదే జరుగుతుంది’ అని ఉన్నదున్నట్టు చెప్పాలి. మన ఇళ్లలో బిడ్డ కష్టాన్ని పరాయివారి ముందు తగ్గించి చెప్పడం అలవాటు. ఈ ఒక్క కాల్‌లో ఆ అలవాటును పక్కన పెట్టండి. అలాగని పెంచి చెప్పకూడదు. చెప్పినది అబద్ధమని తేలితే డిస్నీ పార్కుల్లోకి శాశ్వతంగా రానివ్వరు.

ఒక డాస్ మీద వెళ్లగలిగేది సాధారణంగా నలుగురు, లేదా సొంత కుటుంబ సభ్యులు. స్నేహితుల కుటుంబాలతో పదిమంది కలిసి వెళ్తే అందరికీ ఇది వర్తించదు. ‘మీరు వేరేగా వెళ్లండి, భోజనానికి కలుద్దాం’ అన్న మాట ప్రయాణానికి ముందే అనుకుంటే గేటు దగ్గర ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మూర్ఛ, మైగ్రేన్, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటివి ఉన్న పెద్దవారికి డాస్ దొరకడం ఇప్పుడు కష్టం. వారికి క్యూ మధ్యలో బయటికి వెళ్లి మళ్లీ తమవారిని కలుసుకునే ఏర్పాటు ఉంది. రైడ్ ముందు నిలబడే ఉద్యోగిని అడగాలి. బిడ్డ రైడ్ ఎక్కకపోతే తల్లిదండ్రుల్లో ఒకరు ఎక్కి వచ్చాక మరొకరు మళ్లీ మొత్తం క్యూ నిలబడకుండా ఎక్కే రైడర్ స్విచ్ అందరికీ దొరుకుతుంది. డబ్బు పెట్టి కొనే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ కూడా ఒక దారే.

ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ అనే మరో సంస్థ పార్కులకూ వెళ్తుంటే అక్కడి పద్ధతి వేరు. ఐబీసీసీఈఎస్ అనే సంస్థ ఇచ్చే యాక్సెసిబిలిటీ కార్డును డాక్టరు కాగితంతో ముందుగా తీసుకోవాలి. కనీసం 48 గంటల ముందు దరఖాస్తు పెట్టండి.

రైడ్లను ఎంచడం, ఇంట్లో సాధన

ప్రతి రైడ్‌లో చీకటి, పెద్ద చప్పుడు, మెరుపు వెలుగులు, వాసనలు, తడి, కుదుపు, ఒంటిని బిగించే కడ్డీ ఉన్నాయో లేదో డిస్నీ వెబ్‌సైటులో వివరాలు ఉంటాయి. మీరు రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టుకుని ఆ వివరాలతో పోల్చి, తప్పక ఎక్కేవి, చూసి నిర్ణయించేవి, వద్దనుకునేవి అని మూడుగా విడదీయండి. స్పేస్ మౌంటెన్ చీకట్లో సాగే కోస్టర్. హాంటెడ్ మ్యాన్షన్‌లో రైడ్ మెల్లగానే ఉంటుంది, కానీ అంతకు ముందు జనాన్ని ఒక గదిలో తలుపులు మూసి నిలబెట్టి, దీపాలార్పి అరుపు వినిపిస్తారు. అసలు ఇబ్బంది అక్కడ. సోరిన్‌లో దృశ్యానికి తగినట్టు సువాసనలు వదులుతారు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పసిపిల్లల రైడ్ అంటారు గానీ, ఒకే పాట ఆగకుండా మోగుతుంది.

తేరుకోవడానికి పనికొచ్చే రైడ్లు కూడా ఉన్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పీపుల్‌మూవర్ పైనుంచి గాలి తగులుతూ నిదానంగా తిప్పుతుంది, క్యూ చాలాసార్లు చిన్నదే. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ అనే పడవ చల్లగా, నెమ్మదిగా మొక్కల మధ్య నుంచి వెళ్తుంది. ఊగడం, నీటి కదలిక ఇష్టపడే పిల్లలకు ఇవి మందులా పనిచేస్తాయి.

యూట్యూబులో ప్రతి రైడ్‌కూ మొదటి నుంచి చివరి దాకా తీసిన వీడియోలు దొరుకుతాయి. మొదట శబ్దం లేకుండా, తరవాత కొద్ది శబ్దంతో, చివరికి హెడ్‌ఫోన్లు పెట్టి చూపించండి. పార్కు ఫొటోలతో ‘ముందు కారు, తరవాత సంచుల తనిఖీ, తరవాత గేటు’ అని చిన్న బొమ్మల పుస్తకం చేసి రోజూ చదవండి. రైడ్ మధ్యలో ఆగిపోవచ్చు, దీపాలు వెలగవచ్చు, అప్పుడు కూర్చునే ఉండాలి అన్న పుట కూడా అందులో ఉండాలి. ప్రతి రైడ్‌కూ చివరి నిమిషంలో ఎక్కకుండా పక్కకు వెళ్లిపోయే దారి ఉంటుందని, దాన్ని అడగడం తప్పు కాదని పిల్లలకూ పెద్దలకూ ఇద్దరికీ నేర్పండి.

ఓర్లాండో దాకా వెళ్లే ముందు చిన్న పార్కులో సాధన చేయగలిగితే ఇంకా మేలు. టెక్సస్‌లో ఉన్నవారికి శాన్ ఆంటోనియోలోని మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ దగ్గర. 2010లో వైకల్యం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకునే కట్టిన పార్కు, వారికి ప్రవేశం ఉచితం. టెనెసీలోని డాలీవుడ్‌లో 2016 నుంచి ప్రశాంతంగా కూర్చునే ప్రత్యేక గది ఉంది. ఫిలడెల్ఫియా దగ్గరి సెసమీ ప్లేస్ సిబ్బందికి ఆటిజంపై శిక్షణ ఇచ్చి 2018లో ఆటిజం కేంద్రంగా ధ్రువీకరణ పొందింది.

సంచిలో ఏముండాలి

డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకువెళ్లనిస్తారు. గాజు సీసాలు, విడి ఐసు ముక్కలు మాత్రం వద్దంటారు. నాలుగే రకాలు తినే బిడ్డకు ఇది పెద్ద వరం. పులిహోర, చపాతీ చుట్టలు, అలవాటైన బిస్కట్లు అదే డబ్బాలో, అదే చెంచాతో తీసుకువెళ్లండి. పెరుగన్నం అయితే చల్లగా ఉంచే ప్యాకులతో. చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్‌లు, వాటికి వేడి పుడితే వాడడానికి ఇయర్‌ప్లగ్‌లు, నల్ల కళ్లజోడు, అంచున్న టోపీ, పొడి సాక్సులు, ఒక జత బట్టలు, నమలడానికీ పిసకడానికీ అలవాటైన వస్తువులు ఉండాలి. బాత్రూముల్లో మనిషి లేవగానే దానంతటదే మోతతో నీళ్లు వదిలే కమోడ్లు ఉంటాయి. సెన్సర్ మీద అంటించడానికి చిన్న పసుపు కాగితాల కట్ట చాలు. ఒక్క కుటుంబమే వాడుకునే కంపానియన్ రెస్ట్‌రూములు మ్యాపులో గుర్తించి ఉంటాయి.

వయసు మించినా స్ట్రోలర్ తీసుకువెళ్లండి, సిగ్గుపడవద్దు. గెస్ట్ రిలేషన్స్ అనే సహాయ కౌంటరు దగ్గర అడిగితే దాన్ని వీల్‌చైరుగా పరిగణించే ట్యాగ్ ఇస్తారు, అప్పుడు క్యూలోకీ తీసుకువెళ్లవచ్చు. పైనుంచి పలచటి గుడ్డ కప్పితే అది బిడ్డ సొంత గది అవుతుంది. గాలి ఆడుతోందో లేదో చూస్తూ ఉండాలి.

తప్పిపోయే ప్రమాదం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లలు చెయ్యి విడిపించుకుని వెళ్లిపోవడం తరచు జరిగేదే, వారిని నీళ్లు బాగా ఆకర్షిస్తాయి, ఈ పార్కుల నిండా సరస్సులే. పొద్దున్నే ఆనాటి బట్టల్లో ఫొటో తీసుకోండి. ఫోను నంబరు చొక్కా లోపలి వైపు, ముంజేతి పట్టీ మీద రాయండి. ఏ గంటలో ఎవరి బాధ్యత అన్నది పేరు పెట్టి చెప్పుకోండి. ‘అందరం ఉన్నాంగా’ అనుకున్నప్పుడే బిడ్డ ఎవరి కళ్లలోనూ ఉండదు.

పార్కులో ఆ రోజు

గేటు తెరవడానికి ముందే చేరుకుని, మొదటి రెండు గంటల్లో ముఖ్యమైన రైడ్లు ముగించి, పదకొండున్నరకే భోజనం పెట్టి, ఎండ ముదిరే వేళకు గదికి వెళ్లిపోవడం మంచి పద్ధతి. సాయంత్రం బాగుంటే మళ్లీ రావచ్చు. లోపలికి వెళ్లగానే ఫస్ట్ ఎయిడ్ సెంటర్, బేబీ కేర్ సెంటర్ ఎక్కడున్నాయో చూసుకోండి. నాలుగు పార్కుల్లోనూ ఇవి ఉంటాయి. ఫస్ట్ ఎయిడ్‌లో నర్సులుంటారు, మంచం ఉంటుంది, చల్లగా ఉంచవలసిన మందులను దాచిపెడతారు.

అలజడి ఒక్కసారిగా రాదు, పొద్దున్నుంచి పోగవుతుంది. బిడ్డ నవ్వుతూ ఉండగానే, గంటకొకసారి పది నిమిషాలు పక్కకు తీసుకువెళ్లడమే అసలు నివారణ. ‘బాగానే ఉన్నాడుగా, ఇంకొక్క రైడ్’ అన్న మాటే ఎక్కువ రోజులను పాడుచేస్తుంది. తాతయ్య, అమ్మమ్మ ప్రేమతోనే ‘ఇంత దూరం వచ్చి ఇది చూడకుండానా’ అంటారు. పగలు పన్నెండుకు బయటికి రావడం ముందే అనుకున్న విషయమని వారికి బయలుదేరక ముందే చెబితే అక్కడ వాదన ఉండదు.

మెల్ట్‌డౌన్, అంటే ఇక తట్టుకోలేక అదుపు తప్పే స్థితి, వచ్చాక మాటలు తగ్గించండి. జనం నుంచి పక్కకు, నీడలోకి తీసుకువెళ్లండి, ఇయర్‌మఫ్‌లు పెట్టండి, ఒత్తిడి ఇష్టమైతే గట్టిగా పట్టుకోండి, ఇష్టం లేకపోతే ముట్టుకోకండి. కుటుంబంలో ఒకరు చుట్టుపక్కలవారిని దూరంగా ఉంచాలి. బుజ్జగింపు, బెదిరింపు, నచ్చజెప్పడం ఆ సమయంలో అదనపు చప్పుడు మాత్రమే. తేరుకున్నాక కూడా ఆ రోజుకు పెద్ద రైడ్ పెట్టుకోవద్దు.

ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. నోట్లో చెంచా గానీ నీళ్లు గానీ ఏదీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు, విలువైన నిమిషాలు పోతాయి. 5 నిమిషాలు దాటితే, లేదా తేరుకోకుండానే మళ్లీ వస్తే, 911కు ఫోను చేయాలి. ఫిట్స్‌ను ఆపడానికి డాక్టరు ముందుగా ఇచ్చిన ముక్కు స్ప్రే ఉంటే ఆయన చెప్పిన సమయానికి వాడాలి. దగ్గర్లోని డిస్నీ ఉద్యోగికి చెబితే వారూ సాయం పిలుస్తారు. మెరుపు వెలుగులు పడనివారు అనుకోకుండా వాటి ముందు చిక్కుకుంటే ఒక కంటిని అరచేత్తో పూర్తిగా మూసి తల పక్కకు తిప్పాలి. రెప్పలు మూసుకుంటే సరిపోదు, వెలుగు రెప్పల్లోంచి వెళ్తుంది.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రాత్రి బాణసంచాను కోట ముందు నిలబడి చూడనక్కరలేదు. అది మొదలు కావడానికి గంట ముందు నుంచే గేటు నుంచి కోట వైపు వెళ్లే మెయిన్ స్ట్రీట్ అనే వీధి జనంతో నిండి, అవతలికి దాటడం కష్టమవుతుంది. చూడాలనిపిస్తే సరస్సు అవతలి హోటళ్ల వైపు నుంచి ఇయర్‌మఫ్‌లతో చూడవచ్చు.

తిరిగి వచ్చాక

మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు. తిరుగు విమానం పార్కుకు వెళ్లిన రోజే ఉంటే విమానాశ్రయం మరో పార్కు అవుతుంది. రెండూ ఒకే రోజు వద్దు. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ దగ్గర సాయానికి, ఆ తనిఖీ చేసే ప్రభుత్వ విభాగం నడిపే టీఎస్‌ఏ కేర్స్ అనే సేవకు 72 గంటల ముందు ఫోను చేసి చెప్పవచ్చు. ఏ రైడ్ నచ్చింది, ఏ గంటకు అలసట కనిపించింది, ఏ తిండి మిగిలింది అన్నవి ఆ వారంలోనే మొదట రాసిన కాగితం వెనక రాసి, తేదీ వేసి ఉంచండి. డాస్‌కు గడువుంటుంది, అది ముగిశాక మళ్లీ వీడియో కాల్‌లో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ కాగితాన్ని చూసి చెప్పండి.